వాక్యారంభమున ప్రస్తావపదము

వాక్యమనగా నేమియని తరగతిలో నడిగినచో మన విద్యార్థులందరు నొక్కమాటగా "కర్త, కర్మ, క్రియ" యని చెప్పుదురు. "రాముడు చెట్టును కొట్టెను" అని నల్లబల్లపై వ్రాసి, రాముడు కర్త, చెట్టు కర్మ, కొట్టెను క్రియ యని చూపుదురు. ఇది సరియైన పాఠమే. ఈ పాఠము లేనిచో వ్యాకరణమునకు పునాదియే లేదు. అయితే బడిగంట మ్రోగిన పిమ్మట వీరే యింటిదారిని పోవుచు మాటలాడుకొను తీరు నొకమారు వినుడు. "రేపటి పరీక్ష సంగతి, మనకెవ్వరును చెప్పలేదు." "మా ఊళ్లోనైతే నిన్న పెద్దవాన కురిసింది." "నాకు ఇద్దరు తమ్ములు." ఈ మాటలలో మొదట వచ్చినది కర్త కాదు. కర్త రాకమునుపే మరియొక పదము వచ్చి, "ఇపుడు చెప్పబోవునది దీనిని గూర్చి సుమా" యని వినువానికి తెలుపుచున్నది.

ఇట్టి పదమును, లేక పదముల కూర్పును, ఈ వ్యాసమునందు ప్రస్తావపదమని పిలిచెదను. ఇది మన ప్రాచీన వ్యాకరణములలోని సంజ్ఞ కాదు; మన సౌకర్యమునకై పెట్టుకొనిన పేరు. ఆంగ్లమున భాషాశాస్త్రజ్ఞులు దీనిని టాపిక్ అందురు. కర్త యనగా క్రియను చేయువాడు. ప్రస్తావపదమనగా నా వాక్యము దేనిని గూర్చి చెప్పబడుచున్నదో దానిని ముందుగా నెత్తిచూపునది. ఒక్కొక్కప్పుడు రెండును ఒకటియే కావచ్చును. పలుమారులు రెండును వేరు.

ఇంత చిన్న విషయమునకై వ్యాసమెందుకని మీరడుగవచ్చును. చిన్నతనమున నేనీ పదమును వ్యర్థమని యెంచి కొట్టివేసి, యొక తల్లికి కీడు చేసితిని. ఆ సంగతి ముందుగా చెప్పి, తరువాత వ్యాకరణములోనికి పోయెదను.

ఒక ఉత్తరము

అప్పుడు నేను ఎనిమిదవ తరగతిలోనికి వచ్చితిని. వేసవి సెలవులకు మా యూరిలో నుంటిని. మా వీధిలో భర్త పోయిన యొక పెద్దమ్మ యుండెడిది. ఆమెకు చదువు రాదు. ఒక్కగానొక్క కుమారుడు దూరమున బొగ్గుగనులలో పనిచేయుచుండెను. ఆమెకు ఉత్తరములు వ్రాసిపెట్టుట నా పని. ఆ సంవత్సరమే వ్యాసరచనలో నాకొక బహుమానము వచ్చియుండుటచేత, నా వ్రాతను గూర్చి నాకు కొంచెము గర్వముండెను.

ఆమె అరుగుమీద కూర్చుండి చెప్పినది: "పొలం సంగతంటావా, మీ బాబాయి చూసుకుంటున్నాడు. ఆవు సంగతంటావా, ఈనింది, కోడెదూడ. ఇంక నా సంగతంటావా, కళ్లు కనపడటం లేదు. పసరు పోసినా తగ్గలేదు."

మూడు వాక్యములలో మూడుమారులు "సంగతంటావా" యని వచ్చినది. ఒకే మాటను మాటిమాటికి వాడరాదని మా ఉపాధ్యాయులు చెప్పియుండిరి. ఇది పల్లెటూరి మాట, దీనిని తీసివేసినచో వ్రాత నాగరికముగా నుండునని తలచి నేనిట్లు వ్రాసితిని: "పొలమును బాబాయి చూచుకొనుచున్నాడు. ఆవు ఈనినది. కోడెదూడ పుట్టినది. కండ్లు కనబడుట లేదు. పసరు పోసినను తగ్గలేదు." వ్రాసి యామెకు చదివి వినిపించితిని. బాగున్నదనెను. తన కండ్ల సంగతి తనకు తెలియును గనుక ఆమెకు లోపము తోచలేదు. నాకును తెలియును గనుక నాకును తోచలేదు. వ్రాయువానికిని చెప్పువానికిని కనబడని లోపములు, దూరమున నుండి చదువువానికి మాత్రమే యడ్డము వచ్చును.

నేను బడి తెరచుటతో వసతిగృహమునకు వచ్చివేసితిని. కొన్నిదినములకు కుమారుని జాబు వచ్చినది. దానిని తపాలా బంట్రోతు చదివి వినిపించెనట. అందులో నిట్లుండెను: "దూడ కండ్ల సంగతి తెలిసినది. పశువుల డాక్టరునకు చూపించుము. ఖర్చులకు ఇరువది రూపాయలు పంపుచున్నాను." ఆ తల్లి డబ్బు పుచ్చుకొని యేమియు పలుకక యూరకుండెను. నా కండ్లు పోవుచున్నవని వ్రాయించితిని. వానికి దూడ కండ్లు ముఖ్యమైనవి గాబోలు నని యామె మనసున ననుకొనెను. మరల ఏ ఉత్తరములోను తన కండ్ల మాట యెత్తనేలేదు.

తప్పెక్కడ జరిగెను?

నేను వ్రాసిన వాక్యములలో వ్యాకరణదోష మొక్కటియు లేదు. "కండ్లు కనబడుట లేదు" అనునది శుద్ధమైన తెలుగు వాక్యము. అయినను అది తప్పుదారి పట్టించినది. ఎందువలన?

తెలుగున సాధారణముగా కర్తను చెప్పకపోయినను నష్టములేదు. "వచ్చితిని" యన్నచో వచ్చినది నేననియు, "వచ్చితివి" యన్నచో నీవనియు, "వచ్చిరి" యన్నచో వారనియు క్రియ చివరనున్న ప్రత్యయమే తెలుపును. ఆంగ్లమున నిట్టి సౌలభ్యము తక్కువ గనుక ఐ, యు, హీ యని ప్రతి వాక్యమునను చెప్పవలసియుండును. ఆ పెద్దమ్మ "కళ్లతో చూడలేను" అని యుండినచో "లేను" అను మాటలోనే ఆమె యుండెడిది. నేనెంత కత్తిరించినను అర్థము చెడియుండదు. కాని "కళ్లు కనపడటం లేదు" అన్నప్పుడు కర్త కండ్లు. క్రియ కండ్లను గూర్చి చెప్పునే గాని, ఆ కండ్లెవరివో చెప్పదు. ఆ కండ్లుగల మనిషి క్రియకు వెలుపల, వాక్యమునకు ముందు నిలిచియున్నది. "నా సంగతంటావా" యనునదే యామె నిలిచియున్న చోటు. నేను దానిని కొట్టివేయుటచే ఆమెనే వాక్యమునుండి వెడలగొట్టినట్లాయెను.

మన భాషలో దేహమునకును మనస్సునకును కలుగునవి, మన కలిమిలేములు, పెక్కు ఈ రీతినే చెప్పబడును. "నాకు ఆకలి యగుచున్నది." "తమ్మునికి జ్వరము వచ్చినది." "అమ్మకు భయము వేసినది." "మాకు పొలము లేదు." "ఆయనకు సంగీతము ఇష్టము." వీనిలో కర్తలు ఆకలి, జ్వరము, భయము, పొలము, సంగీతము. మనిషి మాత్రము "కు" అను విభక్తితో వాక్యపు తలవాకిట నుండును. ఇవియే భావములను ఆంగ్లమున చెప్పినచో ఐ, మై బ్రదర్, మదర్ మొదలగునవే కర్తలగును. "ఐ హ్యావ్ టూ బ్రదర్స్" అనుచోట "ఐ" కర్త. "నాకు ఇద్దరు తమ్ములు కలరు" అనుచోట తమ్ములు కర్త, "నాకు" ప్రస్తావపదము. ఆంగ్లము కర్తను నిలుపుచోట తెలుగు ప్రస్తావమును నిలుపుచున్నదన్నమాట.

ప్రస్తావపదము లేనప్పుడు చదువరి యేమి చేయును? అంతకుముందు వాక్యమున నెవరిని గూర్చి చెప్పితిమో వారినే పట్టుకొని ముందునకు నడచును. ఇది బుద్ధిలోపము కాదు; చదువుటలోని సహజమైన నడక. నా ఉత్తరములో నంతకుముందు వచ్చినది దూడ. కావున కండ్లు దూడవయ్యెను.

తెలుగున ప్రస్తావపదములు ఎన్ని విధములు?

మొదటి విధము, విషయమును పేరుపెట్టి చెప్పునవి. సంగతి, విషయము, గూర్చి, గురించి, అంటావా, అందురా, సంబంధించినంతవరకు మున్నగునవి. "చెరువు మరమ్మతు విషయమై, గ్రామస్థులు ఇదివరకే చందాలు వేసికొనిరి." మహజరులయందును దరఖాస్తులయందును పైభాగమున "విషయము" అని యొక పంక్తి వ్రాయుట యిందుకే. ఆ పంక్తి మొత్తము కాగితమునకు ప్రస్తావపదము.

రెండవ విధము, ఒకదానినుండి మరియొకదానిని వేరుపరచునవి. అయితే, మాత్రము, మట్టుకు అనునవి యిట్టివి. "అన్న పట్టణమున నున్నాడు, తమ్ముడైతే సేద్యము చేయుచున్నాడు." ఇచ్చట తమ్ముడు కర్తయు నగును, ప్రస్తావమును అగును. "అయితే" చేరుటచే, అన్నమాట ముగిసి తమ్ముని మాట మొదలైనదని వినువానికి తెలియుచున్నది.

మూడవ విధము, పైన చెప్పిన "కు" విభక్తితో వచ్చునది.

నాలుగవ విధము, స్థలమును గాని కాలమును గాని తెలుపునవి. "మా చెరువు వేసవిలో ఎండును" అను వాక్యమును, "వేసవిలో మా చెరువు ఎండును" అను వాక్యమును పోల్చి చూడుడు. రెండిటిలోను పదములొకటే. కాని మొదటిది "మీ చెరువు సంగతి యేమి?" అను ప్రశ్నకు సమాధానము. రెండవది "వేసవిలో మీ యూరిలో నేమి జరుగును?" అను ప్రశ్నకు సమాధానము. ఏది ముందు వచ్చునో అది, చదువరి మనసులో నున్నదని మనమనుకొనిన ప్రశ్నను తెలుపును.

ఐదవ విధము, నిర్వచనములలో వచ్చు "అనగా," "అన్నచో" అనునవి. "ఆవిరి యనగా, నీరు వేడిచే వాయురూపము పొందినది." శాస్త్రపాఠములన్నియు దీనిమీదనే నడచుచున్నవి.

ఆరవ విధము, కర్మయే ముందునకు వచ్చుట. "ఈ గడియారమును మా తాతగారు నాకిచ్చిరి." ఇచ్చినది తాతగారే, కాని మాట గడియారమును గూర్చి. తెలుగున విభక్తిప్రత్యయములు పదములకు అంటియుండుటచేత, పదము స్థానము మారినను కర్త కర్మలు తారుమారు కావు. ఆంగ్లమున స్థానమును బట్టియే కర్త కర్మలు తెలియును గనుక అచ్చట నింత స్వేచ్ఛలేదు. ఈ స్వేచ్ఛ మన భాషకున్న యొక ధనము. దానిని తెలిసి వాడుకొనవలెను.

ఇతర భాషలలో

ఇది పల్లెటూరి యలవాటని నేను చిన్నతనమున తలచితినని చెప్పితిని గదా. అది యెంత పొరపాటో ఇతర భాషలను చూచినచో తెలియును.

సంస్కృతమున పండితులు వాక్యమును ఉద్దేశ్యము, విధేయము అని రెండుగా విభజించిరి. దేనిని గూర్చి చెప్పుదుమో అది ఉద్దేశ్యము. దానిని గూర్చి క్రొత్తగా చెప్పునది విధేయము. ఉద్దేశ్యమును ముందు చెప్పి విధేయమును తరువాత చెప్పవలెనని వారి మతము. పదకొండవ శతాబ్దమునాటి మమ్మటుడు తన కావ్యప్రకాశమునందు, విధేయము తన ప్రాధాన్యమును కోల్పోవునట్లు మాటలను కూర్చుటను అవిమృష్టవిధేయాంశమను దోషముగా లెక్కించెను. ఉద్దేశ్యమును ప్రస్తావపదమును అన్నివిధముల నొకటి కావు గాని, దగ్గరి చుట్టములు.

గ్రీకు భాషలో "పెరి దె" యను రెండు చిన్న మాటలు కలవు. "ఇక ఫలానిదానిని గూర్చి" యని వాని యర్థము. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికను తెరచి చూడుడు. ఆ సంఘమువారు పౌలునకు ముందుగా నొక ఉత్తరము వ్రాసియుండిరి. దానికి ప్రత్యుత్తరమిచ్చుచు 7వ అధ్యాయము మొదలు 16వ అధ్యాయము వరకు ఆరుచోట్ల నాతడీ మాటలతో క్రొత్త విషయము నెత్తుకొనెను. వివాహము, కన్యకలు, విగ్రహములకర్పించినవి, ఆత్మసంబంధమైన వరములు, చందా, అపొల్లో రాక, ఇట్లు ఒక్కొక్క విషయమును పేరుపెట్టి పిలిచి, పిమ్మట దానిని గూర్చి చెప్పెను. మా పెద్దమ్మ "సంగతంటావా" యన్నదియు నిదియే పద్ధతి. నేను నవ్విన మాట యంత పాతది, అంత గౌరవమైనది.

జపాను భాషలో ప్రస్తావమును తెలుపుటకు "వ" అనియు, కర్తను తెలుపుటకు "గ" అనియు వేర్వేరు ప్రత్యయములే కలవు. "జో వ హన గ నగాయి" యని వారొక వాక్యమును చెప్పుదురు. జో యనగా ఏనుగు, హన యనగా ముక్కు లేక తొండము, నగాయి యనగా పొడవైనది. "ఏనుగు సంగతి యన్నచో, తొండము పొడవు" అని దాని పోకడ. ఏనుగు ప్రస్తావము, తొండము కర్త. మికామి అకిరా యను జపాను వ్యాకరణవేత్త 1960లో ఈ వాక్యమునే పేరుగా పెట్టి యొక పుస్తకమును ప్రకటించెను. మనమును "ఏనుగునకు తొండము పొడవు" అందుము. అనువదింప నక్కరయే లేనంత దగ్గరగా నున్నది.

1976లో చార్లెస్ లీ, శాండ్రా థామ్సన్ అను నిద్దరు భాషాశాస్త్రజ్ఞులు, కొన్ని భాషలు కర్తకు ప్రాధాన్యమిచ్చుననియు, కొన్ని ప్రస్తావమునకు ప్రాధాన్యమిచ్చుననియు ప్రతిపాదించిరి. వారి లెక్కలో ఆంగ్లము మొదటి తెగకు, చీనాభాష రెండవ తెగకు చెందినవి. జపాను, కొరియా భాషలు రెండిటికిని సమానముగా స్థానమిచ్చునవి.

ఆంగ్లము వ్రాయునపుడు

ఆంగ్లము కర్తను విడువని భాషయగుటచేత, తెలుగు నడకను అందులోనికి తీసికొనిపోయినపుడు మన విద్యార్థులకు కొన్ని తప్పులు వచ్చుచున్నవి. వానిలో మూడింటిని చెప్పెదను.

మొదటిది. "మై ఫాదర్, హీ ఈజ్ ఎ ఫార్మర్" అని వ్రాయుట. "మా నాన్నగారు, ఆయన సేద్యము చేయుదురు" అని మనము మాటలలో నందుము. నాన్నగారిని ప్రస్తావముగా నిలిపి, "ఆయన" యను కర్తను మరల చెప్పుట మన వాడుక. ఆంగ్లమునను మాటలలో నది వినబడును గాని, వ్రాతలో నొక్క కర్త చాలును. "హీ" యను మాటను తీసివేయవలెను.

రెండవది. "ఇన్ మై విలేజ్ ఈజ్ హ్యావింగ్ ఎ బిగ్ ట్యాంక్" అని వ్రాయుట. ఇచ్చట "మా యూరిలో" అను ప్రస్తావపదము కర్త పీటమీద కూర్చుండినది. ఆంగ్లమున దానికా పీట చెల్లదు. ఊరినే కర్తగా జేసి "మై విలేజ్ హ్యాజ్" అని యైనను వ్రాయవలెను, లేదా ప్రస్తావపదము నుంచుకొని "ఇన్ మై విలేజ్ దేర్ ఈజ్" అని యైనను వ్రాయవలెను.

మూడవది. "వాకింగ్ టు స్కూల్, ఎ స్నేక్ బిట్ మీ" యని వ్రాయుట. ఇందులో బడికి నడచిపోయినది పాము! ఆంగ్లమున నిట్టి పదబంధము ముందువచ్చినచో, అది వెనువెంట వచ్చు కర్తకే చెందును. తెలుగునను "బడికి పోవుచు పాము కరచెను" అనరాదు. "బడికి పోవుచుండగా నన్ను పాము కరచెను" అనవలెను. "పోవుచు," "పోయి" యనునవి సామాన్యముగా తరువాతి క్రియయొక్క కర్తనే కోరును. "పోవుచుండగా" అనునది వేరు కర్తను సహించును. "వాన కురిసి చెరువు నిండెను" అనునట్లు, మొదటిది రెండవదానికి కారణమైనపుడు మాత్రము "కురిసి" యనుటయు వాడుకలో నున్నది.

ఇక ఆంగ్లమునుండి తెలుగులోనికి వచ్చునపుడు జరుగు కీడు వేరు. "విత్ రిగార్డ్ టు" అని కనబడిన ప్రతిచోటను "సంబంధించినంతవరకు" అని వ్రాసినచో తెలుగు బరువెక్కును. "కు," "అయితే," "మట్టుకు" అను చిన్నమాటలు మనకుండగా, అంత పెద్దమాట తరచుగా నక్కరలేదు. "నాకు సంబంధించినంతవరకు ఈ పుస్తకము మంచిది" యనుటకంటె "నా మట్టుకు ఈ పుస్తకము మంచిదే" యనుట మేలు.

కొన్ని సూత్రములు

విద్యార్థులు జ్ఞాపకముంచుకొనుటకు వీలుగా, నేను నేర్చుకొనినవానిని క్లుప్తముగా చెప్పెదను.

1. విషయము మారినపుడు తప్పక ప్రస్తావపదమును వాడుము. మారనపుడు వాడకుము. ఒకే విషయమును గూర్చి పది వాక్యములు వ్రాయుచు, ప్రతి వాక్యమును "దీనిని గూర్చి" యని మొదలుపెట్టినచో చదువరి విసుగుచెందును. మా ఉపాధ్యాయులు కొట్టివేయుమనినది ఇట్టిదానినే. నేను కొట్టివేసినది మరియొకటి.

2. ఒక వాక్యమునకు వీలైనంతవరకు ఒక్క ప్రస్తావపదమే చాలును. "మా బడిలో, ఈ సంవత్సరమున, ఆటల విషయమై, పెద్దపిల్లలకైతే" అని నాలుగు గుమ్మములు కట్టినచో ఇంటిలోనికి పోవుసరికి చుట్టము అలసిపోవును.

3. ప్రస్తావించినదానిని గూర్చియే వాక్యమును నడిపింపుము. "గ్రంథాలయము విషయమై" యని మొదలుపెట్టి, నడుమ ఆటస్థలమునకు పోయి, చివర ఫీజులలో తేలరాదు.

4. చదువరి యెరిగినదానినే ప్రస్తావముగా నుంచుము. క్రొత్తవార్తను వాక్యము చివరకు దాచుము. తెలిసిన గడప దాటియే తెలియని గదిలోనికి పోవలెను.

5. ప్రస్తావపదము పొడవైనచో దాని తరువాత కామా నుంచుము. తాటియాకు గ్రంథములకు ఈ గురుతు లేదు, అచ్చుపుస్తకములతో వచ్చినది. "నిన్న వచ్చిన ఉపాధ్యాయుని ఉత్తరము" అన్నచో, నిన్న వచ్చినది ఉపాధ్యాయుడో ఉత్తరమో తెలియదు. "ఉపాధ్యాయుని ఉత్తరము విషయమై, అది నిన్న వచ్చినది" యన్నచో సందియము లేదు.

6. వ్రాసిన పిమ్మట, ఆ విషయమేమియు తెలియనివాడు చదువుచున్నట్లుగా నొకమారు చదువుము. ప్రతి వాక్యము నొద్దను "ఎవరికి? దేనికి?" అని యడుగుము. సమాధానము కాగితముమీద లేక నీ మనసులో మాత్రమే యున్నచో, అచ్చట ప్రస్తావపదము కావలెను.

ఈ యారవ సూత్రమును నేనా దినమున నెరిగియున్నచో "కండ్లు కనబడుట లేదు" అను వాక్యమునొద్ద నా కలము ఆగియుండును.

ఆ ఉత్తరము సంగతి

సంక్రాంతి సెలవులకు నేను మా యూరు పోయితిని. ఆ పెద్దమ్మ కుమారుడును వచ్చియుండెను. తల్లి అన్నము వడ్డించి, మజ్జిగ పోయుచు విస్తరి ప్రక్కన నేలమీద పోసినదట. ఏమమ్మా యని యడిగినచో, "నీకు వ్రాయించితిని గదా" యని మాత్రము చెప్పినదట. ఆతడు లేచి పెట్టెలోనుండి నా ఉత్తరమును తీసికొని మా యింటికి వచ్చెను. కోపపడలేదు. ఆ వాక్యముమీద వ్రేలుంచి, "తమ్ముడూ, ఈ కళ్లు ఎవరివి?" అని యడిగెను. నేను తల వంచుకొంటిని.

మరునాడే యామెను కండ్ల ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ఒక కంటికి శుక్లము కమ్మినది. శస్త్రచికిత్సచేత ఆ కంటికి చూపు వచ్చెను. రెండవ కంటికి నీటికాసుల వ్యాధి. దానివలన పోయిన చూపు మరల రాదనియు, ముందుగా వచ్చియున్నచో అప్పటికి మిగిలియున్న చూపునైనను నిలుపుటకు యత్నించియుందుమనియు వైద్యుడు చెప్పెను. ఉత్తరము వెళ్లినది వేసవి చివర. వారు ఆసుపత్రికి పోయినది పండుగ తరువాత. నడుమ నేడు నెలలు గడచిపోయెను.

పోయిన కన్నుకంటె, ఆ యేడు నెలలు తన కుమారుడు తన్ను లక్ష్యపెట్టలేదని యామె తలచిన తలపు నన్ను ఎక్కువగా బాధించెను. ఆమె మాత్రము, "నీ తప్పేముంది నాయనా, చదువుకున్నవాడివి, బాగానే రాశావు" అనెను. ఆ మాట నాకు నేటికిని చెవిలో నున్నది. తరువాత ఆమెకు వ్రాసిన ఉత్తరములన్నిటిలోను, ఆమె "సంగతంటావా" యన్నచోటనెల్ల నేను "సంగతంటావా" యనియే వ్రాసితిని.

విద్యార్థులారా, మీలో పెక్కుమంది మీ తల్లిదండ్రులకును ఇరుగుపొరుగువారికిని కలమువంటివారు. వారి దరఖాస్తులు, వారి జాబులు, నేడు చేతిఫోనులో పంపు చిన్న సందేశములుకూడ మీచేతనే వ్రాయించుకొనుచున్నారు. వ్రాత చక్కగా నుండవలెనని మాటలను సవరించునపుడు, వారు ముందుగా చెప్పిన ఆ చిన్న మాటను తీసివేయకుడు. ఎవరిని గూర్చి చెప్పుచున్నారో ఆ మనిషి దానిలోనే యుండవచ్చును.